పాలపళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ వేయించాలా, వద్దా?

మొదటి పోస్ట్:
మా పాపకి నాలుగేళ్లు. పై పళ్ల మీద, చిగురు అంచున సుద్ద రాసినట్టు తెల్ల మచ్చలు కనబడితే డాక్టరుకి చూపించాం. పుచ్చు మొదలవుతోంది, ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్లకి పూతలా పూసే ఫ్లోరైడ్ మందు) వేద్దామన్నారు. ఇంటికొచ్చి చదివితే ఫ్లోరోసిస్, ఎముకలు వంగిపోవడం, ఇవే కనిపించాయి. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రెండో సభ్యుడు:
నేనైతే వద్దంటాను. మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1,000 నుంచి 1,500 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఉంటే వార్నిష్‌లో 22,600 ఉంటుంది. ఊడిపోయే పళ్లకి అంత ఘాటు మందెందుకు? తీపి తగ్గించి, రెండు పూటలా తోమిస్తే సరిపోతుంది.

మూడో సభ్యురాలు:
అంకె నిజమేనండీ, కానీ అది గాఢత, లోపలికి వెళ్లే మోతాదు కాదు. పాలపళ్లన్నిటికీ పూసేది పావు మిల్లీలీటరు, అందులో ఫ్లోరైడ్ 6 మిల్లీగ్రాముల లోపే, అదీ పంటికి అంటుకుని నెమ్మదిగా వదులుతుంది, ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే వేస్తారు. ఎముకల ఫ్లోరోసిస్ వచ్చేది ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి రోజూ తాగితే. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. మీకు అనుమానముంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి.

ఆ తెల్ల మచ్చ గురించే నా బాధంతా. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, పీహెచ్ (ఎంత తగ్గితే అంత ఆమ్లం ఎక్కువని చెప్పే కొలత) సుమారు 5.5 కన్నా కిందికి పోతే పంటి పైపొర ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతాయి, లాలాజలం వాటిని మళ్లీ చేరుస్తుంది. పోయేది ఎక్కువై చేరేది తక్కువైనప్పుడు కనిపించేదే ఆ మచ్చ. ఫ్లోరైడ్ ఉంటే ఖనిజం త్వరగా తిరిగి చేరుతుంది, అలా కట్టిన పొర ఆమ్లానికి ఇంకా గట్టిగా నిలబడుతుంది. పైపొర విరిగి గుంట పడిందంటే మాత్రం వార్నిష్ దాన్ని పూడ్చలేదు, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నా. ఊడిపోయే పళ్లే అన్నారు, కానీ వెనక దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి, నమలాల్సింది వాటితోనే, వాటికి చీము పడితే కింద తయారవుతున్న పన్ను కూడా దెబ్బతినొచ్చు.

తీపి విషయంలో మీ మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఎంత తిన్నారన్నదానికన్నా రోజుకి ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం.

రెండో సభ్యుడు:
మోతాదు లెక్క సబబుగానే ఉంది. కానీ ఏ మచ్చా లేని పిల్లలకి కూడా ఆరు నెలలకోసారి అంటారే, దానికి నేను ఒప్పుకోను.

మూడో సభ్యురాలు:
అక్కడ నాకూ పట్టుదల లేదు. 2013లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (వైద్య పరిశోధనలెన్నో కలిపి చూసే సంస్థ అది) పాలపళ్ల పుచ్చు సగటున 37 శాతం తగ్గిందని తేలింది, కానీ పుచ్చే అవకాశమే తక్కువున్న పిల్లలకి ఆ మేలు చిన్నదే. ఈ పాపకి మచ్చలు వచ్చేశాయి కదా, అందుకే వేయించమంటున్నా. నిజానికి వార్నిష్ కన్నా రోజూ మింగే పేస్టు గురించి జాగ్రత్తపడాలి: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత, అంతే. ఉమ్మించండి, వెంటనే నీళ్లతో పుక్కిలించనివ్వకండి.

మొదటి పోస్ట్ రాసినవారు:
మేము బ్రష్ నిండా పేస్టు వేస్తున్నాం, పాప సగం మింగేస్తోంది. ఇవాళ్టినుంచే తగ్గిస్తాను. నీళ్ల శాంపిల్ రేపు ఇస్తాం, ఆ రిపోర్టు తీసుకునే డాక్టరు దగ్గరికి వెళ్లి వార్నిష్ వేయిస్తాం.