పాత మండువా ఇల్లు పడగొట్టేస్తున్నారు, కలపా తలుపులూ పెంకులూ ఎలా దక్కించుకోవాలి?

లంకగాలి:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తాతయ్య వాళ్ళ నాన్నగారు కట్టించిన మండువా లోగిలి ఉంది. కొన్నేళ్ళుగా ఎవరూ ఉండట్లేదు, పోయిన వానాకాలంలో ఉత్తరం వైపు వసారా కూలిపోయింది, పక్క గోడ కూడా బీటలిచ్చింది, ఇక బాగుచేయించడం కుదరదని ఇంజినీరు చెప్పేశారు. సంక్రాంతి వెళ్ళాక పడగొట్టాలని పెదనాన్న, నాన్న, బాబాయి అనుకున్నారు.

ఇప్పుడు ఒకాయన వచ్చి, మీకు పైసా ఖర్చు లేకుండా నేనే పడగొట్టి స్థలం చదును చేసిస్తాను, పైన కొంత డబ్బు కూడా ఇస్తాను, సామాను మొత్తం నాది అంటున్నాడు. పెద్దవాళ్ళకి అది సులువుగా కనిపిస్తోంది, నాకు మాత్రం మనసొప్పట్లేదు. మండువా చుట్టూ ఎనిమిది స్తంభాలు, చెక్కడం ఉన్న సింహద్వారం, దూలాలు (బర్మా టేకు అని నాన్న అంటారు), కింద నాపరాళ్ళు, పైన కొంత మంగళూరు పెంకు, కొంత గూన పెంకు, వెనక వంటింటి మీద సిమెంటు రేకులు. వీటిలో నిజంగా విలువైనవి ఏవి, విరక్కుండా ఎలా తీయించాలి? బెంగళూరులో ఉద్యోగం, వారం మించి సెలవు దొరకదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

అడితి_అబ్బాయి:
ముందు ఆ గుండుగుత్త బేరం ఆపండి. మాది కలప వ్యాపారం చేసే కుటుంబం, ఇలాంటి బేరాల్లో ఇంటివాళ్ళకి ముట్టేది చాలా తక్కువ, ఎందుకంటే కొనేవాడు కలప కొలిచి లెక్క వేసుకుని వస్తాడు, అమ్మేవాళ్ళు ఇల్లంతా చూసి ఒక అంకె అనుకుంటారు. మీరూ కొలవండి. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 12 అడుగుల దూలం 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల మందం ఉంటే సరిగ్గా 4 ఘనపుటడుగులు. ఇలా దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు, తలుపు చెక్కలు అన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, రాజమండ్రిలోనో కాకినాడలోనో ఇద్దరు ముగ్గురు టింబర్ డిపో వాళ్ళని విడివిడిగా రేటు అడగండి. అప్పుడు ఆయన ఇస్తానన్న డబ్బు ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

మీ నాన్నగారు చెప్పింది నిజమయ్యే అవకాశం బాగా ఉంది. ఆ రోజుల్లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి కాకినాడకి ఓడల్లో టేకు వచ్చేది, గోదావరి జిల్లాల్లో కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళు చాలావాటికి అదే వాడారు. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి రావడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి, కాబట్టి ఇల్లు అంతకుముందుదైతే నమ్మొచ్చు. అయినా ఒకసారి చూసుకోండి. కనపడని చోట ఉలితో చిన్న పెచ్చు తీస్తే లోపల బంగారు గోధుమ రంగు, చేత్తో రుద్దితే కొంచెం జిడ్డు, తోలు లాంటి వాసన ఉంటే టేకే. ఇంకో మాట, మన వైపు మండువా ఇళ్ళల్లో దూలాలు టేకువైనా వాసాలు చాలా చోట్ల తాటివే. తాటికి డిపోలో ధర రాదు కానీ చేవ ఉన్న వాసం పశువుల పాకకో షెడ్డుకో ఇంకో తరం పనికొస్తుంది, పొయ్యిలో పెట్టనివ్వకండి.

మేస్త్రీ_గారబ్బాయి:
కలప సంగతి అన్నగారు బాగా చెప్పారు, తీసే పద్ధతి నేను చెప్తాను. జేసీబీ లోపలికి వచ్చిందంటే అయిపోయినట్టే, స్తంభం నిలువునా చీలిపోతుంది. పునాది పనికి తప్ప దాన్ని రానివ్వొద్దు. ఇల్లు ఏ వరసలో కట్టారో దానికి తిరగేసి విప్పాలి. ముందు కరెంటు వాళ్ళకి చెప్పి కరెంటు స్తంభం దగ్గరే లైను తీయించండి. తర్వాత పెంకులు చేత్తో దించాలి, ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటే మంచిది, డొల్ల చప్పుడు వస్తే పగులున్నట్టు. మంగళూరు పెంకులు 100 చదరపు అడుగులకి 140 నుంచి 150 దాకా పడతాయి, మంచివి ఎన్ని మిగిలాయో లెక్కేస్తే ఎంత కప్పుకి సరిపోతాయో తెలిసిపోతుంది. ఆ తర్వాత రీపర్లు (పెంకుల కింది సన్న పట్టీలు), వాసాలు, అప్పుడు దూలాలు. స్తంభం ముట్టుకునే ముందు దూలం కింద రెండు పక్కలా గట్టి సరుగుడు బాదులు ఆనుగా నిలబెట్టాలి, ఇది మర్చిపోతే మనిషి ప్రాణం మీదకి వస్తుంది. పైగా మీకు ఒక వసారా ఇప్పటికే కూలింది కాబట్టి ఆ పక్క గోడకి ఆనించి ఎవరినీ పైకి ఎక్కించకండి.

సింహద్వారం విషయంలో ఎక్కువమంది బంధాన్ని పలుగుతో పీకుతారు, కుసులు (ఒక చెక్క ఇంకో చెక్కలోకి దిగే అతుకు కొనలు) విరిగేది అక్కడే. బంధం జోలికి పోకుండా చుట్టూ గోడనే పైనుంచి కొంచెం కొంచెంగా తవ్వుకుంటూ రావాలి. దానికి ముందే బంధానికి ఎదురు మూలల నుంచి రెండు పట్టీ చెక్కలు అడ్డంగా కొట్టించండి, వంకర పోదు. తలుపులు మడతబందులు లేకుండా బొడ్డు మీద తిరిగేవైతే రెక్కలు ముందు రావు, పై కమ్మీ వదులయ్యాకే వస్తాయి, తొందరపడి లాగొద్దు. ప్రతి ముక్క మీదా సుద్దతో కాదు, పెయింటుతో నంబరు వేయండి. మేకులు ఆ రోజుకి ఆ రోజే తీయించేయాలి, లోపల మేకు ఉందని తెలిస్తే సామిల్లు వాళ్ళు రంపం పెట్టరు. గోడలు గానుగ సున్నంతో కట్టినవైతే ఇటుకలు కూడా సులువుగా శుభ్రపడతాయి, సిమెంటు గోడ ఇటుకలకి ఆ అదృష్టం లేదు.

కూలికి రోజు లెక్కన మనుషుల్ని పెట్టుకోండి, కాంట్రాక్టు ఇస్తే తొందరలో విరగ్గొడతారు.

పెద్దింటి_కోడలు:
అందరూ కలప గురించే చెప్తున్నారు కాబట్టి నేను మిగతావి చెప్తాను బాబూ. అటక మీద ఏముందో ఎవరైనా చూశారా? పాత దస్తావేజులు, శిస్తు రసీదులు, జాతకాలు, ఉత్తరాలు అక్కడే ఉంటాయి, చెదలు పట్టినా సరే కట్టలు విప్పకుండా తెచ్చి నీడలో ఆరబెట్టండి. రోలు, పొత్రం, తిరగలి, సన్నికల్లు, గంగాళాలు, ఉయ్యాల బల్ల, దాని ఇత్తడి గొలుసులు, తలుపుల ఇత్తడి గుబ్బలు, గొళ్ళేలు, ఇవన్నీ పని మొదలవ్వకముందే వేరే ఇంట్లో పెట్టేయాలి. పని మొదలయ్యాక ఏది ఎవరు పట్టుకెళ్ళారో చెప్పలేం.

ఇంకొకటి, మీ మేనత్తల్ని అడిగారా? పెదనాన్న, నాన్న, బాబాయి అని మాత్రమే రాశారు. వీలునామా లేకపోతే వాళ్ళకీ అందులో వాటా ఉంటుంది. వాటా మాట పక్కన పెట్టినా వాళ్ళు పుట్టి పెరిగిన ఇల్లది, దూలాలు లారీ ఎక్కాక తెలిస్తే ఎంత బాధ పడతారో ఆలోచించండి. ఎవరికి ఏది కావాలో ముందే అడిగి రాసుకోండి.

గోడమీద_గీతలు:
నేను కొంచెం వేరే మాట చెప్తాను. అన్నీ దాచాలని చూడకండి. తీసిన కలప ఎక్కడ పెడతారు? కోనసీమ తేమలో టార్పాలిన్ కప్పి పెరట్లో పడేస్తే రెండు వానాకాలాల్లో చెదలే తినేస్తాయి. నేల మీద ఇటుకలు పేర్చి ఎత్తు చేసి, వరసకీ వరసకీ మధ్య సన్న చెక్కలు పెట్టి గాలాడేలా పైకప్పు కింద ఉంచితేనే నిలబడుతుంది. ఆ చోటు లేనివాళ్ళు ఏది ఎక్కడ వాడతారో తేల్చుకున్నవే ఉంచుకుని మిగతావి మంచి ధరకి అమ్మేయడం మేలు. పాత కలప కొత్తింటి సింహద్వారానికి పనికిరాదని ఇంట్లో వాస్తు అభ్యంతరం వస్తుంది, అప్పుడు గొడవ పడకుండా లోపలి గదుల తలుపులకో, బల్లలకో వాడుకోండి.

స్తంభాలు, పై దూలాలు, సింహద్వారం మాత్రం విడగొట్టి అమ్మకండి. అవి ఒక సెట్టు. చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది, 1996లో తెరిచారు, దక్షిణాది పాత ఇళ్ళని ఊళ్ళలో విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. అంత పని మనం చేయలేకపోయినా మీ స్థలంలోనే కొత్తింటికి ముందు వసారాగా ఆ ఎనిమిది స్తంభాలూ నిలబెట్టొచ్చు. దానికి ఇప్పుడే, ఒక్క పెంకు కూడా దించకముందే, నాలుగు వైపులా ఫొటోలు, టేపుతో కొలతలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, వాన నీరు పడే మండువా లోతు, అన్నీ కాగితం మీద గీసుకోండి. మీ వారం సెలవులో రెండు రోజులు దీనికే పెట్టండి, మిగతాది ఊళ్ళో నమ్మకమైన వడ్రంగికి అప్పజెప్పినా నడుస్తుంది.

లంకగాలి:
అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి నాన్నకి ఇవన్నీ చదివి వినిపించాను, బేరం ఆపారు. అత్తయ్యలతో అమ్మ మాట్లాడింది, పెద్దత్తయ్య ఉయ్యాల బల్ల అడిగారు, చిన్నత్తయ్య రోలు చాలన్నారు. స్తంభాలు ఉంచేస్తాం, వసారా ఆలోచన బాబాయికి బాగా నచ్చింది. ఇక రెండు సందేహాలు. తలుపుల మీద వరసలు వరసలుగా పాత రంగు ఉంది, మంట పెట్టి తీయించొచ్చా? ఆ సిమెంటు రేకులు ఎవరికైనా ఇచ్చేయొచ్చా?

మేస్త్రీ_గారబ్బాయి:
మంట వద్దు. పాత ఆయిల్ పెయింటుల్లో సీసం ఉండేది, మన దగ్గర ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) హద్దు అమల్లోకి వచ్చిందే 2017లో. తడిపి గీకించండి, పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లలున్న చోట అసలే వద్దు. గీకిన పెచ్చులు సంచిలో కట్టి పెట్టండి, పెరట్లో పోయకండి.

రేకులు పాతవైతే ఆస్‌బెస్టాస్‌వే. ఎవరికీ ఇవ్వకండి, పగలగొట్టకండి, నీళ్ళు చల్లి బోల్టులు విప్పి షీటు షీటుగా దించి మందం కవరులో చుట్టించాలి, దించేవాళ్ళకి మంచి మాస్కులు మీరే కొనివ్వండి. ఎక్కడ పడేయాలో పంచాయతీ వాళ్ళని అడగండి. అలాగే టేకు లారీ ఎక్కించే ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో పర్మిట్ సంగతి కనుక్కోండి, పాత ఇంటి కలపేనని పంచాయతీ కాగితం, ఇల్లు నిలబడి ఉన్నప్పటి ఫొటోలు దగ్గర పెట్టుకుంటే చెక్‌పోస్టులో టెన్షన్ ఉండదు.