ఆన్‌లైన్ క్లాసులో నిశ్శబ్దాన్ని ఏ అంకె కింద వేయాలి?

ప్రశ్న: కామర్స్ లెక్చరర్, ఎడ్యుకేషన్‌లో పార్ట్‌టైమ్ స్కాలర్, అనంతపురం

అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో పన్నెండేళ్లుగా కామర్స్ చెప్తున్నాను. మధ్యలో ఎం.ఎడ్ కూడా చేశాను. ఇప్పుడు పీహెచ్‌డీ నాలుగో ఏడు. గదిలో ఎదురెదురుగా జరిగే సంభాషణకీ, ఆన్‌లైన్ క్లాసులో జరిగే సంభాషణకీ తేడా ఏమిటన్నది నా టాపిక్.

ఎం.ఎడ్‌లో మనందరం చదివిన ఫ్లాండర్స్ పద్ధతినే పట్టుకున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. క్లాసులో ఏం జరుగుతోందో 3 సెకన్లకోసారి ఒక అంకె వేస్తాం. 1 నుంచి 7 వరకు టీచర్ మాటలు, 8, 9 పిల్లల మాటలు, 10 అంటే నిశ్శబ్దం లేదా గందరగోళం. 40 నిమిషాల క్లాసుకి 800 అంకెలు పడతాయి.

గదిలో తీసిన రికార్డింగులు సాఫీగానే నడిచాయి. 4 తర్వాత 8, అంటే టీచర్ అడిగారు, ఎవరో ఒకరు చెప్పారు. ఆన్‌లైన్ క్లాసుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. 4 తర్వాత 10, 10, 10... ఆ తర్వాత మళ్లీ 5, అంటే లెక్చర్.

ఒక్క క్లాసు సంగతి చెప్తాను. 2021 నాటి రికార్డింగ్, కరోనా సెకండ్ వేవ్ రోజులు. పాఠం మా సహోద్యోగిది. "డిప్రిసియేషన్ ఎందుకు రాస్తాం? ఎవరైనా చెప్పండి" అని అడిగారు. 27 సెకన్లు ఎవరూ నోరు విప్పలేదు. ఎవరింట్లోదో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. "ఎవరూ లేరా? సరే, నేనే చెప్తా" అన్నారు సర్. ఆయన గొంతులో నీరసం నాకు స్పష్టంగా తెలిసింది. నా షీట్‌లో తొమ్మిది పదులు పడ్డాయి. చాట్ ఫైలు తర్వాతెప్పుడో తెరిచి చూస్తే, ప్రశ్న అడిగిన 14వ సెకనుకే ఒకమ్మాయి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసి పెట్టింది: "సర్, వాడేకొద్దీ అరుగుతుంది కాబట్టి విలువ తగ్గించి చూపిస్తాం." మంచి జవాబు. సర్ తెర నిండా స్లైడ్ ఉండడంతో చాట్ ఆయన కంటపడలేదు. ఆ జవాబుని ఎవరూ పట్టించుకోకుండానే క్లాసు అయిపోయింది.

జవాబు చెప్పిన పిల్లని నేను నిశ్శబ్దం కింద రాసేశాను. నాలుగు రోజులుగా అదే మనసులో మెదులుతోంది. గైడ్‌గారేమో "పద్ధతి మారిస్తే పోలిక చెడిపోతుందమ్మా" అంటున్నారు. వచ్చే నెల ఆర్‌ఏసీ (పరిశోధన సలహా సంఘం) మీటింగ్, టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా దారి చూపండి.

జవాబు: విశ్రాంత బీఈడీ కాలేజీ అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

అమ్మా, మీ గైడ్‌గారి మాటలో న్యాయం ఉంది. కొలబద్దని ఒక పక్కకే మారిస్తే పోలిక నిలవదు. కానీ మీ బాధలో అంతకంటే ఎక్కువ న్యాయం ఉంది. ఫ్లాండర్స్ ఈ పద్ధతిని తయారుచేసింది నోటి మాట కోసం, అదీ ఒకే గదిలో అందరూ కూర్చున్న క్లాసు కోసం. రాత మాట ఆయన లెక్కలోనే లేదు.

మీరు పది అంకెలనీ అలాగే ఉంచి, లోపల చిన్న విభజన చేసుకోండి. టీచర్ అడిగినదానికి చాట్‌లో జవాబిస్తే 8చా, పిల్లలు తమంతట తాము ఏదైనా రాస్తే 9చా. మాటా లేక, చాటూ లేక ఉన్న సమయమే 10. పాత లెక్కతో ఒక మాట్రిక్స్ (ఏ అంకె తర్వాత ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టిక), కొత్త లెక్కతో ఇంకొకటి వేసి రెండూ పక్కపక్కనే చూపించండి. పోలికా నిలుస్తుంది, ఆ పిల్లా కనిపిస్తుంది. ఒకటి మాత్రం మరవకండి. కొన్ని క్లాసుల్ని మీతో సంబంధం లేకుండా ఇంకొకరి చేత కోడ్ చేయించి, మీ ఇద్దరి అంకెలు ఎంతవరకు కలిశాయో చెప్పే స్కాట్ గుణకం కట్టండి. కొత్త అంకెలు పెట్టినప్పుడు వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

జవాబు: హైస్కూల్ సోషల్ టీచర్, కరీంనగర్

మేడమ్, నేను పరిశోధకుణ్ణి కాదు, ఆ క్లాసులు చెప్పినవాణ్ణి. 2020 సెప్టెంబర్ 1 నుంచి మా పిల్లలకి టీ-శాట్, డీడీ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. టీవీ అడుగుతుంది గానీ వినదు కదా. అందుకే సాయంత్రం మేమే ఒక్కొక్కరికి ఫోన్ చేసేవాళ్లం. క్లాసులో రెండేళ్లపాటు ఎన్నడూ నోరు తెరవని పిల్లగాడు ఫోన్‌లో పావుగంట మాట్లాడాడు. వాళ్ల నాయన పనికి పోలేని సంగతి కూడా చెప్పాడు.

ఇంకో మాట. మేం ప్రశ్న అడిగి ఎంతసేపు ఆగుతున్నామో కూడా కొలవండి. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలోనే దీన్ని కొలిచారు. టీచర్లు అడిగాక సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తున్నాయని తేల్చారు. అది గదిలో సంగతి. ఆన్‌లైన్‌లో మాట ఆలస్యంగా చేరుతుంది, పిల్లలు మైక్ గుర్తు వెతుక్కోవాలి, లేదా టైప్ చేయాలి. మీ సహోద్యోగి 27 సెకన్లు ఆగారంటే ఆయనకి దండం పెట్టాలి. నేనైతే అంతసేపు ఆగలేదు. ఆ ఖాళీ ముందర కూర్చుంటే భయం వేసేది.

జవాబు: థీసిస్ సబ్మిట్ చేసిన స్కాలర్, హైదరాబాద్

అక్కా, మాస్టారు చెప్పిన విభజన చేయండి, కానీ అక్కడితో ఆగొద్దు. చాట్‌లో కూడా ఏమీ రాయని పిల్లల సంగతేమిటి? ఆ 10 లోపల ఏముందో మనం బయట కూర్చుని ఊహించలేం. విని ఆలోచిస్తున్నారా, నెట్ పోయిందా, ఫోన్ తమ్ముడికిచ్చారా? నేను రికార్డింగ్‌లో ఆ ముక్కనే పిల్లలకి చూపించి, "ఇక్కడ నువ్వేం చేస్తున్నావు?" అని అడిగాను. నా థీసిస్‌లో ప్రాణమున్న చాప్టర్ అదొక్కటే.

దూరవిద్య మీద పనిచేసిన మైఖేల్ మూర్ చెప్పిన ట్రాన్సాక్షనల్ డిస్టెన్స్ (టీచర్‌కీ పిల్లలకీ మధ్య ఏర్పడే ఎడం) కూడా చూడండి. ఆయన దృష్టిలో దూరమంటే కిలోమీటర్లు కాదు. సంభాషణ తగ్గి, పాఠం ముందే బిగించినట్టు ఉంటే దూరం పెరుగుతుంది. ఆ లెక్కన ఒకే గదిలో ఉన్నా దూరంగా ఉండొచ్చు. "ఎదురెదురుగా దగ్గర, ఆన్‌లైన్‌లో దూరం" అని ముందే అనుకుని మొదలుపెట్టకండి. చాట్ ఫైళ్లలో పేర్లుంటాయి, వాటిని వాడడానికి పిల్లల దగ్గర విడిగా అనుమతి తీసుకోండి. రికార్డింగ్‌కి ఇచ్చిన అనుమతి చాట్‌కి సరిపోదు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: అనంతపురం

మాస్టారికి నమస్కారాలు. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశాను. చాట్‌లో జవాబు రాసిన అమ్మాయి డిగ్రీ అయిపోయి ఇప్పుడు ఇక్కడే ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తోంది. అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకుని ఆ ముక్క వినిపించాను. తలవంచుకుని విన్నది. "నాకు గుర్తుంది మేడమ్" అంది. వాళ్లది ఒకటే గది ఇల్లట. వెనకాల నాన్న దగ్గుతున్నారు, అమ్మ మిషన్ కుడుతోంది. మైక్ ఆన్ చేస్తే అదంతా క్లాసుకి వినిపిస్తుందని టైప్ చేసిందట. "సర్ చూడలేదని తెలిశాక మళ్లీ రాయలేదు" అంది.

ఆ తర్వాతి క్లాసుల చాట్ ఫైళ్లన్నీ వెతికాను. సెమిస్టర్ చివరిదాకా ఆ అమ్మాయి పేరు పక్కన హాజరు కోసం పెట్టిన "ప్రెజెంట్ సర్" తప్ప ఇంకేం లేదు.

కరీంనగర్ సార్ చెప్పిన ఆగే సమయం కూడా కొత్త షీట్‌లో ఒక గడిగా చేర్చాను. చాట్‌లో పడిన జవాబుని టీచర్ చదివారా లేదా అన్నదానికి ఇంకో గడి. ఆ అమ్మాయి ఉన్న క్లాసు కోడింగ్ నిన్న రాత్రి మళ్లీ మొదటి నుంచి చేశాను. 14వ సెకను దగ్గర 10 కొట్టేసి 8చా వేశాను. రెండు మాట్రిక్స్‌లూ పట్టుకుని సోమవారం గైడ్‌గారి దగ్గరికి వెళ్తున్నాను.