1952లో ఓటు వేసినవారు 45 శాతమేనా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

చిత్తుప్రతి: మొదటి రెండు సార్వత్రిక ఎన్నికల్లోనూ పోలింగ్ సుమారు 45 శాతమే. 1962లో అది 55 దాటింది. ఆ పదేళ్లలో ప్రజలకు ఓటు విలువ తెలిసివచ్చిందనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఉత్తరవాహిని: ఒకసారి భాగించి చూడండి. 1951-52లో జాబితాకెక్కిన ఓటర్లు 17.32 కోట్లు, చెల్లిన ఓట్లు 10.59 కోట్లు, అంటే 61 శాతం. మరి 45 ఎక్కడిది? అప్పటి 401 లోక్‌సభ నియోజకవర్గాల్లో 86 ద్విసభ్య స్థానాలు, అంటే ఒక్కోచోట ఇద్దరు గెలిచేవి; ఒకటి త్రిసభ్య స్థానం. అక్కడ ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు. ఆ ఓటర్లను సీటుకొకసారి చొప్పున లెక్కగడితేనే హారం పెరిగి శాతం 45కు దిగుతుంది. ఆ పద్ధతిలో, రెండింటిలో ఒక్క ఓటే వేసి వెళ్లినవాడు సగం మనిషిగా మిగిలాడు. ద్విసభ్య స్థానాలను 1961లో చట్టం చేసి రద్దు చేశారు. మీరు చూపే పెరుగుదల సరిగ్గా ఆ తరువాతి ఎన్నికలోనే కనబడింది.

గడపదాటని: అయితే 61 సరైనదా?

ఉత్తరవాహిని: కాదు. ఇద్దరికి వేసినవారు అందులో రెండేసి సార్లు ఉన్నారు.

చిత్తుప్రతి: రెండో ఓటు వదిలేయడమూ ఉదాసీనతే కదా! పది శాతం తేడానంతా హారం మీదికి నెట్టడం న్యాయం కాదు.

నిలువుగీత: హారం సంగతి నన్నడగండి. ఇల్లు మారకపోయినా కిందటి ఎన్నికకు నా పేరు జాబితాలో లేదు. వెయ్యలేకపోయిన నన్ను తీసేసినందువల్ల మా వార్డు శాతం రవ్వంత పెరిగే ఉంటుంది. తొలి ఎన్నికలోనూ, సొంత పేరు చెప్పక ఫలానావారి భార్యననో కూతురిననో రాయించుకున్న స్త్రీలను సుమారు 28 లక్షల మందిని జాబితా నుంచి తొలగించారు. వారు ఏ శాతంలోనూ లేరు.

చిత్తుప్రతి: మీ పేరు పోవడానికీ 1952కూ సంబంధమేమిటి? అంకె నచ్చకపోతే హారాన్ని తిట్టడం ఇక్కడ అలవాటైపోయింది. నిరక్షరాస్యులు తొలిసారే గొప్పగా ఓటు వేశారని నిరూపించాలన్నదే ఉత్తరవాహిని గారి అసలు పట్టుదల.

ఉత్తరవాహిని: అవును, అదే! ఆ తరానికి ఓటు విలువ తరువాతెప్పుడో తెలిసిందని, అదీ లెక్క కట్టిన తీరు చూడకుండా తేల్చేయడం నాకు సమ్మతం కాదు.

చిత్తుప్రతి: సరే, 1957లో ఏకసభ్యంగా ఉన్న స్థానాలనే తీసుకుని 1962తో పోల్చండి. అక్కడా శాతం పెరిగి ఉంటే ఏమంటారు?

ఉత్తరవాహిని: పోలుస్తాను. అయితే పోటీయే లేకుండా ఎన్నికైన చోట్ల ఓటర్లను ఓటు వేయనివారి కింద జమకట్టబోమని ముందు మీరు ఒప్పుకోవాలి.