సమస్య: "ఒక్క రాత్రి గడిచె నొక్క యేడు"

నిర్వాహకుడు:
మసాకి యుఆసా తీసిన 'ద నైట్ ఈజ్ షార్ట్, వాక్ ఆన్ గర్ల్' (2017) మళ్ళీ చూశాను. క్యోటోలో ఒక కాలేజీ అమ్మాయి పొంతోచో బార్లలో మొదలుపెట్టి రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. ఆమె మీద మనసుపడ్డ సీనియర్, అనుకోకుండా ఎదురుపడ్డట్టు కనబడాలని ఊరంతా తిరుగుతాడు. 93 నిమిషాలు పూర్తయ్యేసరికి ఈ పాదం నోట్లో ఆడుతోంది. సినిమా మీదే పూరించండి. శివరాత్రి జాగారాలూ విరహాలూ ఇంకోసారి చూద్దాం.

గోదారిగట్టు:
వీధి వీధి తిరిగె వెలది తా నొక్కతె
పూత మొదలు చలికి పోయి చేరె
వేచి వేచి యలసె వెంబడించు నతడు
ఒక్క రాత్రి గడిచె నొక్క యేడు

ఓరుగల్లు కోయిల:
రెండో పాదం చాలా బాగుంది అన్నా. వసంతంలో తాగుడు, వేసవిలో షిమొగామొ గుడి దగ్గర పాత పుస్తకాల సంత, ఆ తర్వాత కాలేజీ ఉత్సవం, చివరికి ఊరంతా మంచం పట్టే జలుబు. అన్నీ ఆ ఒక్క పాదంలో పట్టాయి. కానీ "వేచి వేచి" ఎక్కడిది? ఆ అబ్బాయి వేచి కూర్చునే రకం కాదు. ఆమె చిన్నప్పటి బొమ్మల పుస్తకం సంపాదించాలని మంటలు పుట్టే కారం కూర పందెంలో కూర్చుంటాడు, చెమటలు కారుతున్నా లేవడు. "వేగి వేగి" అనండి. యతి చెడదు, కారమూ విరహమూ రెండూ వస్తాయి.

గోదారిగట్టు:
"వేగి" తీసుకుంటున్నాను. మంచి సవరణే. కానీ పోయిన నెల కందంలో శకటరేఫకు (ఱ) మామూలు రేఫతో (ర) ప్రాస కట్టినవాళ్ళు నాకు అక్షరం దిద్దడం చూస్తే ముచ్చటగా ఉంది.

ఓరుగల్లు కోయిల:
ఆ ప్రాసకు పూర్వకవుల ప్రయోగాలున్నాయని అప్పుడే చెప్పాను. మీరు చదవలేదు.

డల్లాస్ తాతయ్య:
చదివాడమ్మా, ఒప్పుకోలేదు. ఛందస్సు సూత్రాలు రాసిన అప్పకవి పేరు చెప్పి మూడు రోజులు వాదించాడు.

నిర్వాహకుడు:
రేఫల గొడవ వేరే చోట. తరువాతి పూరణ రానివ్వండి.

కృష్ణాతీరం:
చూచె నొక్కసారి సుదతి నాతడు నాడె
లోని గుడ్డ విడక లోకు వయ్యె
మరల కలిసేవరకు మార్పు లేదను పట్టు
ఒక్క రాత్రి గడిచె నొక్క యేడు

గోదారిగట్టు:
సీనియర్ని వదిలి, సినిమాలోని లోదుస్తుల వీరుణ్ణి పద్యంలోకి తెచ్చిన మొదటివాడివి నువ్వే తమ్ముడూ. ఇద్దరి నెత్తిన ఒకేసారి యాపిల్ పండ్లు పడ్డ క్షణంలో ప్రేమించి, ఆమె మళ్ళీ కనబడేదాకా మార్చనని ఒట్టు పెట్టుకున్నవాడు. "లోకు వయ్యె" దగ్గర పకపకా నవ్వాను. మూడో పాదంలో మాత్రం "కలిసే" సూర్యగణం కాదు. "కలియు వరకు" అంటే సరిపోతుంది.

ఓరుగల్లు కోయిల:
గణం సంగతి సరే, అసలు లోటు అది కాదు. పట్టుకీ ఏడాదికీ ముడి పడలేదు. నాలుగో పాదం విడిగా వేలాడుతోంది. నా పూరణ:

పడుచు చేతి ముల్లు పాకె నత్తను బోలి
ముసలి చేతి ముల్లు ముందు కురికె
ఆమె కతని కచట నరయగా వరుసగ
ఒక్క రాత్రి గడిచె నొక్క యేడు

నిర్వాహకుడు:
ఆహా! క్రమాలంకారం. ఆ పడుచుకు ఒక్క రాత్రి, ఆ ముసలాయనకు ఒక్క ఏడు. పాదం మధ్యలో ఇలా విరుగుతుందని నాకే తట్టలేదు.

గోదారిగట్టు:
బాగుంది. మనస్ఫూర్తిగా అంటున్నాను. సినిమాలో అందరూ పరుగులూ పాటలూ గుర్తుపెట్టుకుంటారు గానీ చేతి గడియారాల సంగతి పట్టించుకోరు. వడ్డీవ్యాపారి రిహాకు ముల్లు గిర్రున ఎందుకు తిరుగుతుందో చలికాలంలో అతని మంచం దగ్గర తెలుస్తుంది. ఎవరూ లేని ముసలాయన దగ్గరికి ఆ పిల్ల వెళ్ళి కూర్చుంటుంది. నాకు ప్రేమకథ కన్నా అదే ఎక్కువ. ఆ మంచం కూడా పద్యంలో పట్టి ఉంటే రేఫ సంగతి నేనే మరిచిపోయేవాణ్ణి.

ఓరుగల్లు కోయిల:
ఆటవెలదిలో మంచం పట్టదన్నా. సీసం లాంటి పెద్ద పద్యం ఇప్పించండి, పట్టిస్తాను.

డల్లాస్ తాతయ్య:
మీరు సినిమాలోనే తిరుగుతున్నారు. తొమిహికో మొరిమి నవలలో (2006) నాలుగు భాగాలకు నాలుగు ఋతువులు, ఏడాది పొడవునా నడిచే కథ. దాన్ని ఒక్క రాత్రిలోకి కుదించింది యుఆసా. సమస్యలోని వింత అక్కడే ఉంది.

కథను రాసె నొకడు కాలచక్రము చుట్టు
తెరకు దెచ్చె నొకడు తెల్లవారు
లోన ముగియునట్లు లోలాక్షి నడకను
ఒక్క రాత్రి గడిచె నొక్క యేడు

గోదారిగట్టు:
తాతగారూ, "తెల్లవారు" దగ్గర పాదం తెగి "లోన" కింద పడింది. చదువుతుంటే కాలు తడబడుతోంది.

ఓరుగల్లు కోయిల:
తడబడదు. ఆ పిల్ల ఎక్కడా ఆగదు కదా, పద్యం మాత్రం పాదం చివర ఎందుకు ఆగాలి? నాకు అక్కడే నచ్చింది.

నిర్వాహకుడు:
కోయిలమ్మదీ తాతగారిదీ ఈ వారం పైన ఉంచుతున్నాను. కృష్ణాతీరం, మూడో పాదం సరిచేసి, ఏడాదికి ముడి వేసి మళ్ళీ పెట్టు. యాపిల్ పండ్లు కూడా రావాలి, వాటిని వదలకు.