సమస్య: "బావి కాళ్ళు వచ్చి బాట నడిచె"

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. ఇతివృత్తం యూదుల ఎడారి ప్రయాణం. ఇశ్రాయేలుకు ముగ్గురు మంచి నాయకులు దొరికారనీ, వారి పుణ్యాన మూడు వరాలు వచ్చాయనీ యూదుల ధర్మగ్రంథం తల్మూదులోని తానీత్ భాగం చెబుతుంది: అక్క మిర్యాము వల్ల బావి, ఆమె తమ్ముళ్ళలో అహరోను వల్ల దారి చూపే మేఘం, మోషే వల్ల ఆకాశం నుంచి రాలే ఆహారం మన్నా. ఆ బావి ఒక బండ. జనంతోపాటు కొండలెక్కి, లోయలు దిగి, వాళ్ళు గుడారాలు వేసినచోట ఎదురుగా ఆగేదట.

పూరణ 1
మేటి పాటకత్తె మిర్యాము పుణ్యాన
బండ నుండి యూట పైకి నెగయ
యెచట దిగిన వారి కెదుటనే నిలుచుచు
బావి కాళ్ళు వచ్చి బాట నడిచె

విమర్శ: ధార బాగుంది. ఎర్ర సముద్రం దాటాక తంబుర పట్టి పాడింది కనుక "పాటకత్తె" సరే. కానీ నైలు ఒడ్డున పసికందు మోషేను దాచిన బుట్టకు కాపు కాసిన పిల్ల ఆమె. నీటితో చుట్టరికం అక్కడే మొదలైంది, ఆ మాట పడితే పద్యం ఇంకా బిగిసేది.

పూరణ 2
మన్న మోషె వలన, మబ్బహరోనుతో,
నీర మక్క వలన నిచ్చె వేల్పు;
మూట విప్పి చూడ మూడింటిలో నొక్క
బావి కాళ్ళు వచ్చి బాట నడిచె

విమర్శ: మొదటి రెండు పాదాల్లో మూడు వరాలూ ఇమిడాయి, భేష్. "మూట విప్పి" వట్టి పాదపూరణం. పైగా నడిచింది బావి ఒక్కటే కాదు, మేఘమూ దారి చూపుతూ నడిచింది. మూడో పాదం ఇలా మారిస్తే?
"మబ్బు ముందు సాగ, మన్న వెన్నంటగా"

పూరణ 3
కాదెషందుఁ దల్లి కన్ను మూసినయంత
నీరు మాయమయ్యె, నిలువలేక
దాత వెంట నేఁగు దానంబు చందాన
బావి కాళ్ళు వచ్చి బాట నడిచె

విమర్శ: నాకు ఇదే నచ్చింది. అందరూ బావిని జనం వెంట నడిపిస్తే, ఈ కవి జనాన్ని వదిలి వెళ్ళిపోయేలా నడిపించారు. బైబిలు సంఖ్యాకాండం 20లో కాదెషు అనే చోట మిర్యాము మరణం, ఆ వెంటనే నీటి ఎద్దడి. ఆ రెండు వాక్యాల మధ్య సంబంధాన్నే తల్మూదు పట్టుకుంది: ఆమె ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఎవరి పుణ్యమో జనం అడగలేదు. ఒక్కటే అభ్యంతరం. దాత దేవుడు, మిర్యాము కాదు. ఆమె పుణ్యం కారణం మాత్రమే. "తల్లి వెంట నేఁగు తనయుని చందాన" అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ నిలుస్తుంది.

పూరణ 3 కవి: సవరణ తీసుకుంటున్నాను. తర్వాత మోషే, అహరోనుల పుణ్యాన బావి తిరిగొచ్చిందన్నది కూడా నాలుగు పాదాల్లో పట్టించాలని చూశాను, పట్టలేదు.

నిర్వాహకుడు: అది వేరే పద్యం చేయండి. హోరు కొండ మీద అహరోను పోయాక మేఘం తొలగిందని తెలిసే కనాను దేశపు అరాదు రాజు దాడికి దిగాడంటారు. దాన్ని ఈ పాదంతో ముడిపెట్టగలవారు ఆదివారం లోపు పంపండి.