కాల్గరీ 1988: కటరీనా విట్ రెండో స్వర్ణం న్యాయంగా వచ్చిందేనా?

మువ్వలతల్లి
పాపకి చూపిద్దామని పాత ఐస్ స్కేటింగ్ వీడియోలు వెతుకుతుంటే 1988 కాల్గరీ ఒలింపిక్స్ దొరికింది. తూర్పు జర్మనీ అమ్మాయి కటరీనా విట్‌కి అప్పుడు 22 ఏళ్లు. 1984లో సరయెవోలో గెలిచింది, ఇక్కడ మళ్లీ గెలిచింది. కానీ ఫ్రీ స్కేట్‌లో, అంటే చివర్లో పాటకి చేసే పెద్ద ప్రదర్శనలో, మొదటి స్థానం కెనడా అమ్మాయి ఎలిజబెత్ మాన్లీది! విట్ గాల్లో మూడు చుట్లు తిరిగే ట్రిపుల్ లూప్ వేయాల్సిన చోట రెండు చుట్ల డబుల్‌తో సరిపెట్టేసింది. జపాన్ పిల్ల మిడోరి ఇటో ఏడు ట్రిపుల్స్ వేసి ఐదో స్థానంలో ఆగిపోయింది. అందంగా నవ్వితే బంగారం ఇచ్చేస్తారా? మా పాపకీ మొన్న కూచిపూడి పోటీలో ఇంతే. ఒక్క అడుగు తప్పలేదు. "ముఖంలో భావం పలకలేదు" అని మూడో బహుమతి చేతిలో పెట్టి పంపారు.

లెక్కలమాస్టారు
అమ్మా, నవ్వు సంగతి అలా ఉంచండి. అప్పట్లో ఫిగర్స్‌కి 30 శాతం, షార్ట్ ప్రోగ్రామ్‌కి (తప్పనిసరి విన్యాసాలుండే చిన్న ప్రదర్శన) 20, ఫ్రీ స్కేట్‌కి 50. ఒక్కో దాంట్లో వచ్చిన స్థానాన్ని 0.6, 0.4, 1.0తో గుణించి కూడతారు. ఎవరికి తక్కువ వస్తే వాళ్లదే గెలుపు. విట్ స్థానాలు 3, 1, 2. మొత్తం 4.2. మాన్లీవి 4, 3, 1. మొత్తం 4.6. అమెరికా అమ్మాయి డెబీ థామస్‌వి 2, 2, 4. మొత్తం 6.0, కాంస్యం. ఇటో ఫిగర్స్‌లో పదో స్థానం, ఆ ఒక్కదానికే 6.0 పడింది. అన్యాయం ఎక్కడుందో చూపించండి.

గోదారిగట్టు
ఫిగర్స్ అంటే ఏంటి సార్?

కెమ్నిట్స్ కుర్రాడు
మంచు మీద ముగ్గు అనుకోండి. బ్లేడుతో ఎనిమిది అంకెలాంటి ఆకారం గీసి, అదే గీత మీద మళ్లీ మళ్లీ వెళ్లాలి. జడ్జీలు వంగి మరీ గీతలు చూసేవారు. జనానికి విసుగు. 1990 తర్వాత తీసేశారు.
నేను చదువుకునేది విట్ పెరిగిన ఊళ్లోనే. ఇప్పుడు కెమ్నిట్స్ అంటారు, అప్పుడు దీని పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. కోచ్ యుట్టా ముల్లర్ ఆమెను చిన్నప్పుడే ఎంచుకుని తయారుచేసింది. 1980లో స్వర్ణం గెలిచిన అనెట్ పోచ్ కూడా ఆవిడ శిష్యురాలే. తర్వాత ఆ పోచ్ విట్ అన్నయ్యనే పెళ్లి చేసుకుంది, అది వేరే కథ.

మువ్వలతల్లి
మాస్టారూ, ముగ్గుల మార్కులు తీసేస్తే ఎవరు గెలిచేవాళ్లు? అది చెప్పండి ముందు.

లెక్కలమాస్టారు
విట్ 2.4, మాన్లీ 2.2. మాన్లీయే గెలిచేది.
కానీ ఆ లెక్క చెల్లదు. ఫిగర్స్ ఉన్నాయని తెలిసే అందరూ బరిలోకి దిగారు. పరీక్ష రాసేశాక ఒక పేపరు కొట్టేయమంటే కుదురుతుందా?

మువ్వలతల్లి
చూశారా! మీ నోటితోనే వచ్చింది.

లెక్కలమాస్టారు
రెండో పేరా కూడా చదవండి.

పాతట్రంకుపెట్టె
ఎవరు గెలిస్తే ఏంటండీ. ఆ పిల్ల వెనక తూర్పు జర్మనీ ప్రభుత్వం మొత్తం నిలబడింది. అక్కడి రహస్య పోలీసు సంస్థ స్టాసీ ఆమె మీద వేల పేజీల ఫైళ్లు రాసింది. పిల్లలు బడికి వెళ్లే వయసు నుంచే క్రీడల బడిలో పెట్టి, మంచు మీద పతకాలు పండించారు. దాన్ని మీరు దశాంశాల్లో కొలుస్తున్నారు.

కెమ్నిట్స్ కుర్రాడు
అన్నా, స్టాసీ ఆమె మీదే నిఘా పెట్టింది. దానికి ఆమెనెలా తప్పుపడతారు?

పాతట్రంకుపెట్టె
ఆమెను నేనేమీ అనలేదు తమ్ముడూ. ఆ ఏర్పాటుకి చప్పట్లు కొడుతున్నవాళ్లని అంటున్నాను.

లెక్కలమాస్టారు
చప్పట్లు ఎవరు కొట్టారు? నేను కూడిక చేశాను.

మువ్వలతల్లి
క్రమశిక్షణ లేకుండా ఎవరికి ఏం వస్తుందండీ? పాపని నేను రోజూ నాలుగున్నరకి లేపుతాను. పిల్లలకి ఏది మంచో వాళ్లకి తెలియదు. ముల్లర్ లాంటి గురువు మా పాపకి దొరికితే కళ్లకద్దుకుంటాను.

పాతట్రంకుపెట్టె
అమ్మా, అన్ని పోస్టుల్లో "మా పాప, మా పాప" అంటున్నారు. ఒక్కసారైనా "పాప ఇలా అంది" అని రాశారా?

మువ్వలతల్లి
మాటలు జాగ్రత్త. నా బిడ్డ గురించి మీరెవరు చెప్పడానికి?

గోదారిగట్టు
అయ్యో, స్కేటింగ్ చర్చ కదండీ ఇది 🙏

పాతట్రంకుపెట్టె
నేనెవరినో చెబుతాను. పదకొండో ఏట నన్ను ఒక స్పోర్ట్స్ హాస్టల్లో చేర్చారు. పరుగు పందాలు. నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. పదహారో ఏట మోకాలు పోయింది. రెండు నెలలు చూసి, ట్రంకుపెట్టె చేతికిచ్చి బస్సెక్కించారు. అప్పటికి నాకు పరుగు తప్ప ఏమీ రాదు, లెక్కల్లో సున్నా. నాతోపాటు చేరిన ఒకడు రాష్ట్రస్థాయిలో గెలిచాడు. ఇప్పటికీ అందరూ వాడినే చూపిస్తారు. విట్ వీడియో చూస్తే నాకు ఆమె కనబడదమ్మా. అదే రింకులో గీతలు గీసీ గీసీ ఇంటికెళ్లిపోయిన పిల్లలు కనబడతారు. వాళ్లకి 4.2 లేదు, 4.6 లేదు.

మువ్వలతల్లి
మీకు జరిగింది బాధాకరమే. కానీ దాన్ని తెచ్చి నా ఇంట్లో పెట్టకండి. నాకు చిన్నప్పుడు నేర్పించేవాళ్లు లేక గజ్జె కట్టలేదు. అది మీకు అర్థం కాదు.

పాతట్రంకుపెట్టె
ఇప్పుడు అర్థమైంది.

మువ్వలతల్లి
ఏం అర్థమైంది?

కెమ్నిట్స్ కుర్రాడు
ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. 1994లో నియమాలు మారి ప్రొఫెషనల్స్‌ని కూడా రానిచ్చారు. విట్ 28 ఏళ్ల వయసులో లిల్లెహామర్ ఒలింపిక్స్‌కి తిరిగొచ్చింది. అప్పటికి తూర్పు జర్మనీయే లేదు, పంపేవాళ్లు లేరు. తను గెలిచిన సరయెవో యుద్ధంలో నాశనమవుతుంటే, ఆ ఊరి కోసమే యుద్ధాన్ని వద్దనే పాటకి స్కేట్ చేసింది. ఏడో స్థానం. ఆ రోజు ఎవరూ బలవంతం చేయలేదు కదన్నా.

పాతట్రంకుపెట్టె
అది నిజమే. ఆ వీడియో నేను చూడలేదు. లింకు పెట్టు.

లెక్కలమాస్టారు
ఎవరో ప్రైవేటు మెసేజీలో మాన్లీకి షార్ట్ ప్రోగ్రామ్‌లో నాలుగో స్థానమని వాదిస్తున్నారు. మూడే. నాలుగు ఇటోది. నాలుగైతే మొత్తం 5.0 అవుతుంది, 4.6 రాదు.