ఊహా స్నేహితురాలా, ఉత్తుత్తి అక్కా?

పిల్లలు ఊహించుకుని ఆడుకునే తోడుని, అదే ఇంగ్లీషులో 'ఇమాజినరీ ఫ్రెండ్'ని, మొన్న ఇక్కడ ఎవరో 'ఊహా మిత్రుడు' అని రాశారు. తప్పేమీ లేదు గానీ, ఇంట్లో ఎవరి నోటా వినని మాట. మా మనవరాలికి ఐదేళ్లు. ఒక్కతే పిల్ల, అపార్ట్‌మెంట్‌లో ఈడువాళ్లు లేరు. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఒక 'అక్క' తిరుగుతోంది. ఆవిడకో కంచం పెట్టాలి, సోఫాలో చోటు వదలాలి. ఎవరే ఆ అక్క అని కాస్త కంగారుగానే అడిగాను. "ఉత్తుత్తి అక్కలే తాతా" అని నాకే ధైర్యం చెప్పింది.

ఉత్త అంటే వట్టి, ఖాళీ. ఉత్త చేతులు, ఉత్త మాటలు. రెట్టించి పలికితే ఉత్తుత్తి. 'దొంగ' కూడా ఉందిగా అంటారేమో. దొంగ ఏడుపు ఎదుటివాణ్ణి నమ్మించడానికి. ఉత్తుత్తి ఏడుపులో ఆ ఎత్తు లేదు, ఆట అని ఇద్దరికీ తెలుసు. ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్జరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన పరిశీలనలో, ఏడేళ్లు వచ్చేసరికి నూటికి 65 మంది పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి తోడు ఉందని తేలింది. అది నిజం కాదు సుమా అని, అడిగే పెద్దవాళ్లకే పిల్లలు గుర్తుచేస్తుంటారని కూడా ఆవిడ రాశారు. మా పిల్ల ఒక్క మాటలో తేల్చేసింది.

జవాబు:
మాస్టారూ, ఉత్తుత్తి బాగుంది. నన్నడిగితే కిటుకంతా 'అట'లో ఉంది. మీ పాప "అక్కకి పప్పు వద్దు" అంటుందా, "వద్దట" అంటుందా? అట అన్నామంటే, చెప్పిన మనిషి వేరే ఉన్నట్టే. సంస్కృత నాటకాల్లో ఆకాశభాషితం ఇలాంటిదే. రంగం మీద ఒక్కడే ఉంటాడు, కనపడనివాణ్ణి "ఏమంటున్నావు?" అని అడిగి, వాడి జవాబూ తనే వినిపిస్తాడు. ఒకే పాత్రతో సాగే భాణం అనే రూపకమంతా అలాగే నడుస్తుంది. మీ ఇంట్లో రోజూ ఉచితంగా చూస్తున్నారు!

జవాబు:
మీరన్నాక రాత్రి చెవి ఒగ్గి విన్నానమ్మా. నిజమే, కాకపోతే మావైపు అట కాదు, 'అంట'. పప్పులో కారం ఎక్కువైందంట. జడ గట్టిగా లాగొద్దంట. పడుకునేటప్పుడు లైటు తీయబోతే, "వద్దు తాతా, అక్కకి చీకటంటే భయమంట" అంది.

మరి నీకో అన్నాను.

"నాకేం లేదు" అని దుప్పటి ముక్కుదాకా లాక్కుంది. లైటు అలాగే ఉంచేశాను.